మొదటి చెయ్యి

ప్రెస్సు వెనక సందు, మేడ మీది గది
నాలుగో తారీకు

సీలా,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తా, చోటు మిగిలితే. ముందు కోపం రాస్తున్నా.

ఈ వంకర అక్షరాలు చూసి ఎవరో బడిపిల్లాడు రాశాడనుకోకు. నేనే. ఎడమ చేత్తో. కుడి చేతికి చూపుడు వేలూ, మధ్య వేలూ లేవు. పోయి ఏడు వారాలైంది. నీకు చెప్పొద్దని మీ అమ్మకి నేనే గట్టిగా చెప్పా. ఫోన్లో ఏడుస్తావు, నాకు ఏడుపులు పడవు. ఇకముందు కూడా ఫోన్ చెయ్యకు, ఎత్తను. నోటిమాట నమ్మే నేను ఇలా అయ్యా. ఏదైనా కాగితం మీదే రాయి. కాగితం మాట మార్చదు.

జరిగింది ఇదీ. నీకు తెలిసిన కటింగ్ మిషనే. చిన్నప్పుడు దాని పక్కన కాగితాల కట్టల మీద కూర్చుని కింద పడ్డ సీలలన్నీ జేబులో వేసుకునేదానివి, ఆ పేరే నీకు మిగిలింది. పెడలు తొక్కితే బ్లేడు దిగుతుంది. మూడేళ్ల కింద మేనేజరు దానికి లైటు తెర పెట్టించాడు. బ్లేడు ముందు కంటికి కనపడని గీతలు. వాటికి చెయ్యి అడ్డం వస్తే ఎంత తొక్కినా బ్లేడు దిగకూడదు. గోడకి ఒక డబ్బా. అందులో గోరంత బిళ్ల ఉందట, తెరని అదే చూసుకుంటుందట. డబ్బా మొహాన ఎర్ర అంకె, ఎన్ని కోతలు పడ్డాయో చెబుతుంది.

నా పద్ధతి నీకు తెలుసు. పొద్దున మిషను వెయ్యగానే తెరలో మొదటి చెయ్యి నాది. చెయ్యి పెట్టి, పెడలు తొక్కి, ఆగిందని చూపించాకే పని మొదలు. కొందరు అట్ట చుట్ట పెట్టి చూస్తారు. నాకు పని నేర్పిన మేస్త్రీ అది ఒప్పుకునేవాడు కాదు. "కాపలా బాగుందని చెప్పేవాడు తన చెయ్యి పెట్టి చెప్పాలిరా, తర్వాత పెట్టేవన్నీ పక్కవాళ్ల చేతులు" అనేవాడు. మూడేళ్లు రోజూ పెట్టా. రోజూ ఆగింది. ఆ రోజు ఆగలేదు.

ఇప్పుడు అసలు మంట. మేనేజరు రిపోర్టు రాశాడు. వాడి పేరు నా నోట రాదు, తెల్లచొక్కా అంటా, నలభై మంది సిరా పూసుకుని తిరిగే చోట వాడి చొక్కా మీద మరకుండదు. రిపోర్టు నాకు జిగురు చదివి వినిపించాడు. జిగురు గుర్తున్నాడుగా, బైండింగు చేసేవాడు, వేళ్లు రెండు అతుక్కుపోయి తిరుగుతుంటాడు. "డబ్బాలో ఏ లోపమూ లేదు. ముసలి కార్మికుడు తన మూర్ఖత్వంతో కావాలనే చెయ్యి పెట్టుకున్నాడు." అదీ మాట. పైగా నోటీసు బోర్డుకి అంటించాడు, మిగతావాళ్లకి బుద్ధి రావాలని.

వేళ్లు పోతే పోయాయి. ఆ మాట పోవాలి. బోర్డు మీద పెట్టిన చేత్తోనే వాడు దాన్ని పీకాలి, అందరూ చూస్తుండగా.

నువ్వు ఇలాంటి బిళ్లలకే ప్రోగ్రాములు రాస్తావని మీ అమ్మ గొప్పగా చెబుతుంది. అయితే తప్పు డబ్బాదే అని తేల్చు. ఆ డబ్బాకి బుద్ధి రాసినవాడు ఎవడో కూడా కనుక్కో. వాడు కూర్చునే బల్ల మీద ఈ చెయ్యి పెట్టి, ఎన్ని వేళ్లున్నాయో లెక్కపెట్టరా అని అడుగుతా.

చోటు మిగల్లేదు.

పెదనాన్న


మా ఆఫీసు, నాలుగో అంతస్తు
తొమ్మిదో తారీకు

పెదనాన్నకి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మ మీద అరిచాను. ఏడు వారాలుగా నాతో వానల గురించీ, మేడ మీద కారుతున్న నీళ్ల ట్యాంకు గురించీ మాట్లాడింది తను.

ఫోన్ చేయనులెండి. కానీ ఒక్కసారి వచ్చి చూసి వెళ్తాను, వద్దనకండి.

పని సంగతికి వస్తాను. డబ్బా కింది అంచున చిన్న రేకు మీద నంబరు ఉంటుంది. జిగురు బాబాయిని చూసి రాయమనండి. ఇంకొకటి. సాయంత్రం ఇళ్లకి వెళ్లేటప్పుడు కరెంటు మెయిను స్విచ్చి ఆపేవారా, వదిలేసేవారా? ప్రమాదానికి ముందు రోజులు గుర్తు తెచ్చుకుని, ఎంత చిన్న సంగతైనా రాయండి.

రాసినవాళ్ల పేరు గురించి ఇప్పుడే తొందరపడొద్దు. ఒక డబ్బా వెనక చాలామంది ఉంటారు.

లేని వేళ్లు కూడా నొప్పి పెడతాయంటారు. నిజమేనా?

సీల


మేడ మీది గది
పదమూడో తారీకు

సీలా,

నిజమే. లేని చూపుడు వేలు దురద పెడుతుంది, గోకుదామంటే ఉండదు. అప్పుడు తెల్లచొక్కా మొహం తల్చుకుంటా. కాస్త తగ్గుతుంది.

రావొద్దు. తేల్చాక రా.

నంబరు సున్నా మూడు ఒకటి ఏడు. జిగురు కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని మరీ చూశాడు.

సాయంత్రం మెయిను ఆపేవారా అని అడిగావు చూడు, భేష్! అది మెకానిక్కు అడిగే ప్రశ్న. ఇక్కడ ఒక్కడి బుర్రకి తట్టలేదు. నా పక్కన పెరిగినదానివి, ఎక్కడికి పోతుంది.

రోజూ ఇంటికెళ్లే ముందు మెయిను దించడం నా అలవాటు. దించితే ఎర్ర అంకె సున్నా అయిపోతుంది, పొద్దున మళ్లీ ఒకటి నుంచి మొదలు. తెల్లచొక్కాకి అది నచ్చలేదు. అంకె లక్ష దాకా పెరగాలట, ప్రెస్సు చూడ్డానికి వచ్చేవాళ్లకి చూపించి మురిసిపోవాలట. ఒక సోమవారం వచ్చి "ఇకనుంచి ఆపొద్దు" అన్నాడు. "కాగితం మీద రాసివ్వండి సార్" అన్నా. "ఏం, నా మాట చాలదా?" అన్నాడు. సరేనన్నా. అదొక్కటే నా మూర్ఖత్వం, రాస్తే అది రాసుకోమను.

మంగళవారం మధ్యాహ్నం ఒక చప్పుడు విన్నా. చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. ధన్, ధన్, ధన్, మధ్యలో చిన్న గుటక, మళ్లీ ధన్. మిషను ఉమ్మి మింగినట్టు. బుధవారం ఇంకోసారి, ఈసారి గుటక కొంచెం పొడుగు. వెళ్లి చెప్పా. "చెవుల డాక్టరుకి చూపించుకో తాతా" అన్నాడు తెల్లచొక్కా. అందరూ నవ్వారు, జిగురు కూడా. గురువారం పొద్దున చెయ్యి పెట్టా.

ఇంకో మాట. నా వేళ్లు పోయిన రోజు నుంచీ మెయిను మళ్లీ రోజూ దించుతున్నారట. తెల్లచొక్కానే పక్కన నిలబడి దింపిస్తాడట. ఎందుకో చెప్పడట. లోపం లేని డబ్బాని వాడెందుకు ఆపిస్తున్నాడు?

వాడికి తెలుసు సీలా. నా కాళ్ల మీద నేను నిలబడ్డంత నిజం. దాన్ని బయటికి లాగాలి. డబ్బాకి బుద్ధి రాసినవాణ్ణి కూడా. ఆ పేరేది?

పెదనాన్న


మా ఆఫీసు
ఇరవయ్యో తారీకు

పెదనాన్నకి,

గుటక అని రాశారే, అదే సంగతి. మీ చెవులకి ఏమీ కాలేదు. మా దగ్గర పెద్ద పెద్ద మీటర్లు పెట్టి పట్టుకునేదాన్ని మీరు నిలబడిన చోటే విన్నారు.

వివరంగా చెబుతాను. ఆ గోరంత బిళ్లకి ఒక సొంత భాష ఉంది. మోటు భాష. ఈ సొరుగు తీయి, ఇందులో ఇది పెట్టు, మూసెయ్, మళ్లీ తీయి, ఇలా ప్రతి చిన్న పనీ మనమే చెప్పుకోవాలి. నెలల పని. పెద్ద కంప్యూటర్లకి రాసేవాళ్లకి ఇంకో రకం భాషలుంటాయి. మనం మాట్లాడుకునే మాటకి దగ్గరగా ఉంటాయి, త్వరగా రాయొచ్చు. కానీ అవి ఒంటరిగా కాపురం చేయలేవు. వాటి కింద ఒక పరివారం ఉండాలి. వండేవాళ్లు, వడ్డించేవాళ్లు, సామాను సర్దేవాళ్లు, చెత్త ఊడ్చేవాళ్లు. పెద్ద కంప్యూటరులో అంతమందికీ చోటుంటుంది. బిళ్లలో ఒక్క మంచం పట్టదు.

ఈ డబ్బాకి రాసినవాళ్లు ఆ సులువైన భాషనే తెచ్చి బిళ్లలో పెట్టారు. పరివారంలో దాదాపు అందరినీ పంపించేశారు. ఊడ్చేవాణ్ణి మాత్రం ఉంచుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే ఒక్కో కోతకీ ఎర్ర అంకె మారుతుంది కదా, మారినప్పుడల్లా పాత అంకె చెత్తగా గదిలో పడుతుంది. గది నిండితే ఊడ్చేవాడు లేచి "ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి" అని ఊడుస్తాడు. అంతసేపూ లైటు తెర వైపు చూసేవాళ్లు ఉండరు. తెర ఖాళీగా ఉందని అంతకుముందు చెప్పిన మాటే చెల్లుతుంది. సరిగ్గా అప్పుడే చెయ్యి పెట్టి తొక్కితే బ్లేడు దిగుతుంది.

ఆపకుండా నడిచేకొద్దీ చెత్త మూలమూలకీ పోతుంది, ఊడ్పు పొడుగవుతుంది. మీరు విన్నది అదే. మెయిను దించితే గది మొత్తం ఖాళీ. ఒక్క పూటలో చెత్త నిండదు, రోజూ ఎలాగూ ఆపుతారు కదా అనుకుని రాసినవాళ్లు దాన్ని అలాగే వదిలేశారు.

తప్పు డబ్బాదే. మీది కాదు. ఇది రాసి సంతకం పెట్టి ఇస్తాను.

పేరు ఇంకా తెలియలేదు.

సీల


మేడ మీది గది
ఇరవై నాలుగో తారీకు

సీలా,

నీ ఉత్తరం కూడబలుక్కుని నాలుగుసార్లు చదివా. అర్థమైంది. ఊడ్చేవాడు చీపురు పట్టగానే కాపలావాడు కూడా కాళ్లు పైకెత్తి కూర్చున్నాడు. అంతేగా.

బిళ్లకి సొంత భాష ఉండగా వాడికి ఆ సుకుమారం భాష ఎందుకు? మోటు భాషలో చేతులు కందుతాయా? కటింగ్ మిషను దగ్గర నేను మోటుగానే బతికా, ఆ డబ్బా వచ్చేదాకా నా వేళ్లు పదీ నా దగ్గరే ఉన్నాయి. వాడికి పని సులువైంది, నాకు చెయ్యి తేలికైంది.

ఇప్పుడు ఇంకో సంగతి. నాకు అక్షరాలు తక్కువే కానీ చదివింది మర్చిపోను. "రోజూ ఎలాగూ ఆపుతారు కదా అనుకుని" వదిలేశారని రాశావు. వాడు అలా అనుకున్నాడని నీకెవరు చెప్పారు? పేరు తెలీదంటావు, లోపల అనుకున్న మాట తెలుసంటావు. వాడు నీకు తెలుసు. నీ పక్క బల్ల వాడా? స్నేహితుడా? కట్టుకోబోయేవాడా? ఎవడైనా సరే, నాకు దాచి నువ్వు బాగుపడవు. తెల్లచొక్కాతో సమానంగా వాణ్ణీ నిలబెడతా. వాడి పెళ్లికి పిలిస్తే ఈ చెయ్యి ఊపుకుంటూ వస్తా, అందరూ చూస్తారు.

ఈసారి పేరు లేకుండా ఉత్తరం వస్తే చింపేస్తా.

పెదనాన్న


మా ఆఫీసు
ఇరవై తొమ్మిదో తారీకు

పెదనాన్నా,

స్నేహితుడు కాదు. నేనే.

మీ మొదటి ఉత్తరంలో ఎర్ర అంకె అని చదవగానే అనుమానం వచ్చింది. నంబరు చూశాక అనుమానం లేదు. అయినా రెండు ఉత్తరాల్లోనూ మీకు నిజం దాచాను.

అది ఈ కంపెనీలో నా మొదటి పని. మోటు భాషలో ఎనిమిది నెలలు పడుతుందన్నారు. నాకు తెలిసిన భాషలో రెండు నెలల్లో చేస్తానన్నాను. చేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఇంత చిన్న బిళ్లలో అంత పెద్ద భాషని ఎక్కించిందని మా పెద్దాయన నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఊడ్పు సంగతి చివరి వారంలో నా కంటపడింది. సరిచేయాలంటే సగం మళ్లీ రాయాలి. రాయలేదు. డబ్బాతో పాటు ఇచ్చే కాగితంలో ఒక వాక్యం చేర్చాను. "రోజుకి ఒకసారైనా మెయిను తప్పక ఆపాలి, లేకపోతే లైటు తెర నమ్మదగ్గది కాదు."

ఆ డబ్బా ఏ ప్రెస్సుకి వెళ్తుందో, ఎవరి చెయ్యి దాని ముందు ఉంటుందో అడగలేదు. అడగాలని తోచలేదు.

ఆ కాగితం చదివి తీసుకున్నట్టు మీ మేనేజరు పెట్టిన సంతకం మా ఫైల్లో ఉంది. నకలు దీంతో పంపుతున్నాను. ఆయనకి తెలుసని మీరన్నారు. తెలుసు. ఇది ఆయన మీద మీకు పనికొస్తుంది. నా మీద కూడా.

మీరు ఏం చెబితే అది చేస్తాను.

సీల


మేడ మీది గది
మధ్యలో ఒక నెల గడిచాక, మూడో తారీకు

డబ్బాలకి బుద్ధి రాసే మేడం గారికి,

తమరి ఉత్తరం అందింది. జవాబుకి అయిదు వారాలు పట్టింది, ఎడమ చేతికి రాత ఇంకా తిరగలేదు. మీకు తెలిసే ఉంటుంది ఎందుకో.

మా ప్రెస్సులో ఒక పిల్ల ఉండేది. కాగితం ముక్కల మీద అక్షరాలు దిద్దుతూ, నాకూ నేర్పేది. తప్పు రాస్తే నా చెయ్యి పట్టుకుని దిద్దించేది. ఏ చెయ్యో మీకు చెప్పక్కర్లేదు. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలీదు. మీరు ఎవరో కూడా నాకు తెలీదు.

ఏం చెబితే అది చేస్తానన్నారు. రాసుకోండి.

ఆ డబ్బాలో బుద్ధి మార్చండి. ఈ నెల చివరి శుక్రవారం ప్రెస్సుకి పుస్తకాలు అచ్చు వేయించుకునేవాళ్లు వస్తున్నారు, పాతిక ముప్పై మంది, పనివాళ్లంతా ఉంటారు. మీరు రండి. బోర్డు పక్కన నిలబడి, ఆ డబ్బాకి రాసింది నేనే అని చెప్పండి. మేనేజరు సంతకం పెట్టిన కాగితం గొంతెత్తి చదవండి. ఆ తర్వాత మేనేజరుని అడగండి. డబ్బాలో లోపం లేదని రాశారు కదా సార్, చెయ్యి పెట్టండి అని.

ఆయన పెట్టాక మీరు పెట్టండి. ఆయన పెట్టకపోయినా మీరు పెట్టండి. అట్ట చుట్ట ఒప్పుకోను. మా మేస్త్రీ పద్ధతి మీకూ చెప్పాను, గుర్తుండే ఉంటుంది.

నేను రాను. మిమ్మల్ని చూడాలని లేదు. ఏం జరిగిందో కాగితం మీద రాసి పంపండి.

కటింగ్ మిషను ముసలాడు


రైలు స్టేషను, వెయిటింగు గది
శుక్రవారం సాయంత్రం

పెదనాన్నకి,

ఇంటికెళ్లి రాస్తే మాటలు మెత్తబడతాయని ఇక్కడే రాస్తున్నాను.

మా పెద్దాయనకి అంతా చెప్పాను. నంబరు సున్నా మూడు వరసలో ఉన్న డబ్బాలన్నీ వెనక్కి పిలిపిస్తున్నారు. కొత్త ప్రోగ్రాం మళ్లీ నేనే రాశాను. భాష మార్చలేదు, అలవాటు మార్చాను. ఇప్పుడు అంకె మారితే పాత అంకె చెరిపి అదే చోట కొత్తది రాస్తుంది, చెత్త పడదు. ఊడ్చేవాణ్ణి పంపించేశాను. లైటు తెరకి ఒక గంట కట్టాను. అది మోగితే ఎవరు ఏ పనిలో ఉన్నా వదిలేసి రావాల్సిందే. సోమవారం మా మనిషి వచ్చి డబ్బాలో అది ఎక్కించి వెళ్లాడు. దానికి అవసరం లేకపోయినా, శుక్రవారం దాకా రోజూ సాయంత్రం మెయిను దించమని జిగురు బాబాయికి కబురు పెట్టాను. సరేనన్నాడు.

ఈ రోజు వెళ్లాను. బోర్డు పక్కన నిలబడ్డాను. మీ మీద రాసిన కాగితం అక్కడే ఉంది, అంచులు పసుపెక్కి. రాసింది నేనేనని చెప్పాను. మడతల దగ్గర పనిచేసే పెద్దావిడ "నువ్వా! సీలవి కదూ నువ్వు?" అంది. తల ఊపాను. ఆవిడ వెనక్కి వెళ్లి మడతల బల్ల దగ్గర నిలబడింది. తిడితే బావుండేది.

తర్వాత కాగితం చదివాను. సంతకం చూపించాను. మేనేజరు నవ్వబోయాడు. "ఇలాంటి కాగితాలు రోజుకి వంద వస్తాయమ్మా, అన్నీ చదువుతామా?" అన్నాడు. బడిపుస్తకాలు వేయించుకునే ఆవిడ ఒకరు ముందు వరసలో ఉన్నారు. "చదివినట్టేగా సంతకం?" అన్నారు. అప్పుడు నేను అడిగాను. చెయ్యి పెట్టండి సార్.

"నాకేం భయమా?" అని చొక్కా చెయ్యి మడిచాడు. జిగురు బాబాయి పెడలు దగ్గర నిలబడ్డాడు. ఆయన చెయ్యి తెర దాకా వచ్చింది. డబ్బా వైపు ఒకసారి చూశాడు. ఆగిపోయాడు. చెయ్యి వెనక్కి తీసి, మడత విప్పి, బొత్తాం పెట్టుకున్నాడు. "ఇదంతా నాటకం. మేనేజరు చేసే పని కాదు" అన్నాడు.

"లోపం లేదని తమరే రాశారు కదా సార్!" అని జిగురు బాబాయి అంత గొంతుతో అరవడం నేను ఎప్పుడూ వినలేదు. వెనక నుంచి ఎవరో "చెవుల డాక్టరు కాదు, చేతుల డాక్టరు కావాలి సార్ కి" అన్నారు. నవ్వులు ఆగలేదు. నవ్వు అంటే అంత గట్టిదని నాకు తెలీదు. మీ మీద నవ్విన రోజు ఎలా ఉండి ఉంటుందో అర్థమైంది.

నేను చెయ్యి పెట్టాను. కుడి చెయ్యి. బాబాయి తొక్కాడు. బ్లేడు దిగలేదు. మూడుసార్లు తొక్కాడు.

బడిపుస్తకాల ఆవిడ బోర్డు వైపు చూపించి "ఆ కాగితం ఇంకా ఎందుకుందండీ?" అని అడిగారు. మేనేజరే వెళ్లి పీకాడు. నాలుగు మూలల్లో రెండు చిరిగి బోర్డుకే ఉండిపోయాయి. పనివాళ్లు వాటిని కూడా గోకిస్తే గానీ కదలనివ్వలేదు. గోళ్లతో గోకాడు.

రైలు వస్తోంది.

సీల


మేడ మీది గది
బుధవారం

సీలా,

పేరు పెట్టి పిలిచానని మెత్తబడ్డా అనుకోకు. మొత్తం చదివాక అనుకో.

ముందు వాడి సంగతి. గోళ్లతో గోకాడని చదివి ఉత్తరం కింద పెట్టి లేచి గదిలో రెండు చుట్లు తిరిగా. మళ్లీ కూర్చుని ఆ ముక్క మళ్లీ చదివా. దురద రావడం లేదు. జిగురు వచ్చి అంతా ఆడి చూపించాడు, బొత్తాం పెట్టుకోవడం సహా. ముసలాడికి అంత నటన ఉందని తెలీదు. తెల్లచొక్కాని నిన్న పై ఆఫీసుకి పిలిచారట. ఏమైనా కానీ, నాకు చాలు.

ఇక నీ సంగతి. నీకు ఒకటి చెప్పాలి. దాచి చచ్చిపోతే అదొక ముల్లు.

జిగురు నీకు సరేనన్నాడు కానీ మెయిను దించలేదు. దించొద్దని నేను చెప్పా. సోమవారం నీ మనిషి వెళ్లిన దగ్గర్నుంచీ శుక్రవారం దాకా ఆ మిషను ఆగలేదు. చిత్తుకాగితాలు కూడా దాని మీదే కోయించా, చెత్త నిండితే నిండాలని. తెల్లచొక్కా ఆ వారమంతా పై ఊళ్లో ఉన్నాడు, చూసేవాడు లేడు. నా చెయ్యి ఎలాంటి మిషనులో పెట్టానో, నీ చెయ్యి కూడా సరిగ్గా అలాంటి మిషనులోనే పెట్టించా. నీ కొత్త బుద్ధి నిలబడుతుందో లేదో నాకు తెలీదు. నిలబడకపోతే నీకూ తెలియాలి అనుకున్నా. నేను రానని రాశా కదా. వచ్చా. ఎదురుగా టీ బండి దగ్గర కూర్చున్నా. అక్కడికి మిషను వినిపిస్తుంది.

పొద్దుటి నుంచీ చెవులు అక్కడే పెట్టుకున్నా. గుటక పడితే లేచి అరుద్దామనుకున్నానో, పడాలని చూశానో, దేవుడి ముందు నిలబెట్టి అడిగినా చెప్పలేను. రోడ్డు అవతలి నుంచి అరిస్తే వినపడేది కూడా కాదు. నవ్వులు వినిపించాయి. తర్వాత పెడలు మూడుసార్లు. బ్లేడు చప్పుడు లేదు. టీ చల్లారిపోయింది, బండివాడు మారుస్తానన్నా వద్దన్నా.

ఇదీ నేను చేసింది. నువ్వు నాకు చేసింది తెలీక, నేను నీకు చేసింది తెలిసే. మన ఇద్దరిలో ఎవరిది ఎక్కువో నువ్వే చూసుకో. ఉత్తరం రాయకపోయినా అర్థం చేసుకుంటా.

పెదనాన్న


మా ఆఫీసు
సోమవారం

పెదనాన్నా,

మీరు చెబుతారో లేదో చూద్దామని ఆ ఒక్క ముక్క రాయకుండా ఆపాను. చెప్పారు.

మేనేజరు చెయ్యి వెనక్కి తీసే ముందు డబ్బా వైపు చూశాడని రాశాను కదా. ఆయన చూసింది నేనూ చూశాను. ఎర్ర అంకె. నాలుగు వేల ఏడువందల ముప్పై ఆరు. ఆ పొద్దునే మెయిను వేసిన మిషనైతే అక్కడ వెయ్యి కూడా ఉండకూడదు.

మీరు చేయించారని అప్పుడే తెలిసింది. ఆ తర్వాతే చెయ్యి పెట్టాను.

సీల